ముప్పై మంది కాపలా, వెనకాల సముద్రం: ఉత్తర వేల్స్ కోటలను ఎలా చూడాలి

హార్లెక్ కోటలో ఎంతమంది ఉండాలో 13వ శతాబ్దం చివర్లోనే లెక్కగా రాసిపెట్టారు. కోట మొత్తానికి ఒక కానిస్టేబుల్. పోలీసు కానిస్టేబుల్ అనుకోకండి, మన పాత లెక్కలో ఖిల్లేదారు అన్నమాట. అతని కింద 30 మంది మనుషులు, వారిలో 10 మంది క్రాస్‌బో విలుకాండ్రు. వీళ్లు కాక ఒక పాద్రీ, ఒక కమ్మరి, ఒక వడ్రంగి, ఒక రాతి మేస్త్రీ. కాన్వీ కోటకూ 30 మంది సైనికులే, అందులో 15 మంది విలుకాండ్రు. ఇంకో ఊళ్లో ఇంతమంది పెళ్లి బృందానికి కూడా చాలరు. చుట్టూ ఉన్నదేమో నిన్నమొన్న ఓడిపోయిన, కడుపు మండి ఉన్న దేశం.

ఇంత కొద్దిమందితో కోట ఎలా నిలుస్తుంది? ఉత్తర వేల్స్ కోటలకు వెళ్లేవాళ్లు ఈ ఒక్క ప్రశ్న మనసులో పెట్టుకుంటే చాలు, మిగతావన్నీ వాటంతటవే విడివడతాయి. సాధారణంగా అందరూ గోడ మందం చూసి ఆశ్చర్యపోయి, బురుజు ఎక్కి ఫొటో దిగి వచ్చేస్తారు. గోడ మందం జవాబులో సగమే. మిగతా సగం నీటి వైపు ఉంది. ఆ వైపు చాలామంది తిరిగి కూడా చూడరు.

ముందు కథ క్లుప్తంగా. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ వేల్స్ మీద 1276-77లో ఒకసారి, 1282-83లో మరోసారి యుద్ధానికి వచ్చాడు. వేల్స్ యువరాజు లూవెలిన్ 1282 డిసెంబరులో చనిపోయాడు. తమ్ముడు దావిద్‌ను మరుసటి ఏడాది ఉరితీయించారు. గ్వినెద్ అనే ఆ పర్వత ప్రాంతం మళ్లీ తలెత్తకుండా ఎడ్వర్డ్ సముద్రపు అంచు పొడుగునా కోటలు కట్టించాడు. 1283లో కాన్వీ, కైర్నార్వన్, హార్లెక్ పనులు ఒకేసారి మొదలయ్యాయి. 1295లో బ్యూమారిస్ మొదలైంది. ఆల్ప్స్ పక్కనున్న సవోయ్ నుంచి వచ్చిన మాస్టర్ జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్ ఈ పనులన్నిటికీ పెద్ద మేస్త్రీ. రోజుకు 3 షిల్లింగుల జీతం. పనితనం రాజుకు ఎంత నచ్చిందంటే 1290 నుంచి 1293 వరకు హార్లెక్‌కు కానిస్టేబుల్‌గా అతన్నే పెట్టాడు. ఈ నాలుగు కోటలనూ, కాన్వీ, కైర్నార్వన్ ఊళ్ల ప్రాకారాలనూ కలిపి 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆటుపోట్లు చేరే చోటు

మ్యాపులో నాలుగు కోటలకూ చుక్కలు పెట్టి చూడండి. కాన్వీ నది సముద్రంలో కలిసే ముఖద్వారం మీద కాన్వీ. వేల్స్‌కూ ఆంగ్లెసీ దీవికీ మధ్యనున్న మెనాయ్ జలసంధికి ఒక చివర కైర్నార్వన్, ఇంకో చివర, దీవి వైపు, బ్యూమారిస్. పడమటి తీరంలో కొండరాయి మీద హార్లెక్. పోటు నీరు కోట కాళ్ల దాకా వచ్చే చోటు చూసి మరీ కట్టారు. అంతకుముందు, 1277లో, రిద్‌లాన్‌లో అలాంటి చోటు దొరక్కపోతే క్లూయిద్ నదిని రెండు మూడు మైళ్ల మేర తవ్వి, తిన్నగా చేసి, ఓడలు కోట దాకా వచ్చేటట్టు చేశారు. నీటి దారికి ఎడ్వర్డ్ ఇచ్చిన విలువ ఎంతో ఆ ఒక్క పని చెబుతుంది.

కారణం సులువు. నేల మీద దారులన్నీ కొండల మధ్యనుంచి, అడవుల మధ్యనుంచి పోతాయి. తిరుగుబాటు లేచిన రోజున మొదట తెగిపోయేవి అవే. వేల్స్‌వాళ్లకు ఓడల బలం లేదు. కాబట్టి సముద్రపు దారి తెరిచి ఉన్నంతకాలం కోటలోకి ధాన్యం, ఉప్పుచేప, బాణాలు, మనుషులు వస్తూనే ఉంటారు.

1294లో మాడోగ్ అనే నాయకుడి కింద పెద్ద తిరుగుబాటు లేచినప్పుడు ఇది పరీక్షకు నిలిచింది. ఎడ్వర్డ్ స్వయంగా వచ్చి కాన్వీ కోటలో ఇరుక్కుపోయాడు. 1294 డిసెంబరు నుంచి 1295 జనవరి వరకు చుట్టూ శత్రువులు, సరుకు వస్తే సముద్రం మీదే రావాలి. తన కోసం దాచిన కొద్దిపాటి ద్రాక్షసారా కూడా ఒక్కడే తాగనని రాజు సైనికులతో పంచుకున్నాడని అప్పటి చరిత్రకారుడొకరు రాశాడు. అదే శీతకాలంలో హార్లెక్‌నూ ముట్టడించారు. ఐర్లండ్ నుంచి ఓడల్లో సరుకు రావడంతో అది నిలబడింది. కైర్నార్వన్ మాత్రం పడిపోయింది. దాని కారణం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. నీటి వైపు, బయటి వైపు గోడలు లేచాయి కానీ, ఊరి వైపు గోడ అప్పటికి కట్టలేదు. ఊరి ప్రాకారమే అడ్డు అనుకున్నారు. ఊరు తిరుగుబాటుదారుల చేతికి చిక్కగానే కోటకు అడ్డంగా మిగిలింది ఒక్క అగడ్తే. తగలబెట్టేశారు. కోట తిరిగి చేతికి వచ్చాక వెంటనే ఆ వైపు గోడ లేపారు. ఇప్పుడు మీరు టికెట్ తీసుకుని లోపలికి వెళ్లే కింగ్స్ గేట్ ఉన్నది ఆ గోడలోనే.

నాలుగూ ఒకలా లేవెందుకు?

కోటల మీద కాస్త చదివి వెళ్లినవాళ్లకు కలిగే పెద్ద గందరగోళం ఇది. గోడ లోపల గోడ కట్టే పద్ధతి అప్పటికి అత్యున్నతమైనదని చెబుతారు. హార్లెక్, బ్యూమారిస్ అలాగే ఉన్నాయి. అదే మేస్త్రీ, అదే రాజు, హార్లెక్‌తో పాటు అదే ఏడాది మొదలుపెట్టిన కాన్వీ, కైర్నార్వన్‌లకు మాత్రం ఒక్కటే గోడ. అంటే అవి తక్కువ రకమా?

కాదు. నేలను బట్టి నమూనా మారింది, అంతే. కాన్వీ ఒక సన్నటి రాతి గుట్ట మీద ఉంది. రెండో గోడకు అక్కడ చోటు లేదు, అవసరమూ లేదు, గుట్ట చరియే బయటి గోడ. అందుకే 8 బురుజులను గుట్ట అంచు పట్టుకుని వరసగా లేపి, మధ్యలో అడ్డగోడ వేసి కోటను రెండు భాగాలు చేశారు. బయటి భాగం పోయినా లోపలి భాగం తలుపులు మూసుకుని పోరాడవచ్చు. హార్లెక్‌లో ఉత్తరాన, పడమట కొండ చరియ ఉంది, తూర్పు, దక్షిణాలు మెత్తటి వైపులు. అక్కడ రాయి తొలిచి లోతైన పొడి అగడ్త తవ్వారు, తూర్పున దాని వెనక చాలా గట్టి ద్వారభవనం పెట్టారు. బ్యూమారిస్ బురద మైదానం. ఊరి పేరుకు అర్థమే అందమైన చిత్తడి నేల. కొండా లేదు, చరియా లేదు. నేల ఇవ్వని రక్షణ అంతా మనిషి చేతులతోనే ఇవ్వాలి. కాబట్టి నీళ్ల అగడ్త, దాని లోపల ఎనిమిది పలకల బయటి గోడ, దాని లోపల మరింత ఎత్తైన చదరపు గోడ.

ఓరుగల్లు చూసినవాళ్లకు ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. అక్కడా మట్టికోట లోపల 45 బురుజుల రాతికోట, ఒక్కోదానికి ఒక్కో అగడ్త. కాలం కూడా ఒకటే. హార్లెక్ పని ముగిసిన 1289లోనే రుద్రమదేవి మరణించిందని చందుపట్ల శాసనం చెబుతోంది. ఒకరిని చూసి ఒకరు కట్టినవి కావు. ముట్టడి అనే సమస్య ఎక్కడైనా ఒకటే కాబట్టి జవాబులూ దగ్గర దగ్గరగా వచ్చాయి.

కైర్నార్వన్ సంగతి వేరు. మిగతా మూడింటికీ గుండ్రటి బురుజులు, దీనికి పలకల బురుజులు. గోడలో లేతరంగు రాతి మధ్య ముదురు రంగు రాతి పట్టీలు అడ్డంగా పరిగెడతాయి. కాన్‌స్టాంటినోపుల్ నగరపు పాత ప్రాకారాన్ని తలపించాలని ఇలా కట్టారని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. ఇక్కడ రోమన్ల కాలపు కోట ఒకటి ఉండేది, రోమన్ చక్రవర్తితో ముడిపడిన వేల్స్ పురాణగాథలూ ఉండేవి. ఆ వారసత్వం ఇకనుంచి తనదేనని ఎడ్వర్డ్ రాతిలో రాయించుకున్నాడు. 1284 ఏప్రిల్‌లో అతని కొడుకు, తర్వాతి రాజైన రెండో ఎడ్వర్డ్, ఇక్కడే పుట్టాడు. ఇది కోటగా ఎంత పనిచేసిందో, ప్రకటనగా అంతకంటే ఎక్కువ పనిచేసింది. ఖర్చు కూడా అలాగే అయింది. హార్లెక్‌కు 8,000 పౌండ్ల పైచిలుకు పడితే, దీనికి 20,000 దాటింది. 1330 దాకా సాగదీసినా పూర్తి కాలేదు.

ఒక ఉత్తరం, ఒక కూలీ లెక్క

గోడల కంటే ముందు ఈ లెక్కలు చదవడం మంచిది. 1286లో హార్లెక్ దగ్గర పని ఉధృతంగా ఉన్నప్పుడు 546 మంది కూలీలు, 227 మంది రాతి మేస్త్రీలు, 115 మంది క్వారీ పనివాళ్లు, 30 మంది కమ్మరులు, 22 మంది వడ్రంగులు ఉన్నారు. కమ్మరుల సంఖ్య వడ్రంగుల కంటే ఎక్కువేమిటా అనిపిస్తుంది. రాయి చెక్కే ఉలి గంటల్లో మొద్దుబారుతుంది. రోజంతా ఉలులు కాల్చి, సాగగొట్టి, పదును పెట్టేవాళ్లు లేకపోతే 227 మంది మేస్త్రీలూ చేతులు కట్టుకు కూర్చోవాల్సిందే.

1296 ఫిబ్రవరిలో మాస్టర్ జేమ్స్ బ్యూమారిస్ నుంచి రాజుగారి ఖజానాకు రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. వారానికి 250 పౌండ్లు కావాలి అని అడుగుతాడు. ఇంత డబ్బు ఎక్కడికి పోతోందని మీరు ఆశ్చర్యపోతారేమో అంటూ లెక్క చెబుతాడు: 400 మంది మేస్త్రీలు, 2,000 మంది మామూలు కూలీలు, 200 మంది క్వారీవాళ్లు, 30 మంది కమ్మరులు, 100 చిన్న బండ్లు, 60 పెద్ద బండ్లు, రాయీ బొగ్గూ మోసే 30 పడవలు. కూలి డబ్బు బకాయి పడిందని, మనుషులను నిలబెట్టుకోవడం కష్టంగా ఉందని మొరపెట్టుకుంటాడు. ఏ సైటు మీద పనిచేసిన మేస్త్రీకైనా ఈ ఉత్తరం ఇవాళ రాసినట్టే ఉంటుంది. డబ్బు రాలేదు. ఆ ఏడాదే రాజు స్కాట్లండ్ యుద్ధంలోకి దిగాడు. బ్యూమారిస్ గోడలు అనుకున్న ఎత్తుకు ఎప్పటికీ చేరలేదు. లోపలి ద్వారభవనాల పై అంతస్తులు లేవలేదు. దూరం నుంచి ఆ కోట కురచగా, నేలకు అతుక్కున్నట్టు కనిపించడానికి కారణం కాలం కూల్చడం కాదు, డబ్బు ఆగడం.

గోడను దగ్గరగా చూస్తే

ఈ కోటల్లో చాలాచోట్ల కప్పులు లేవు, అంతస్తుల చెక్క నేలలు లేవు, తలుపులు లేవు. మిగిలింది రాతి ఎముకల గూడు. కాన్వీ పైకప్పుల సీసాన్నీ కలపనూ 1665లో విప్పి పట్టుకుపోయారు. ఆపైన వాన తన పని తాను చేసుకుపోయింది. కాబట్టి లోపల చూడాల్సింది ఉన్నదాన్ని కాదు, లేనిదాని ఆనవాళ్లను.

ఏ బురుజులోకైనా వెళ్లి అడుగున నిలబడి తల పైకెత్తండి. గోడకు గాలిలో వేలాడుతున్నట్టు ఒక ఫైర్‌ప్లేస్ కనిపిస్తుంది. దాని అడుగుకు కాస్త కింద చదరపు గుంటలు వరసగా ఉంటాయి. అవి దూలాల కొసలు దిగిన చోట్లు. దూలాల మీద పలకలు పరిస్తే ఆ ఫైర్‌ప్లేస్ ముందు ఒక గది తయారవుతుంది. ఫైర్‌ప్లేస్‌లు ఎన్ని అంతస్తుల్లో ఉన్నాయో లెక్కపెడితే మనుషులు ఎన్ని అంతస్తుల్లో కాపురమున్నారో తెలుస్తుంది. నిప్పు గూడు లేని అడుగు గది సామాన్ల కొట్టు. కిటికీ మందంలో రెండు వైపులా రాతి అరుగులు ఉంటే అది హోదా ఉన్నవాళ్ల గది, వెలుతురులో కూర్చుని కుట్టుకోవడానికో చదువుకోవడానికో. సన్నటి చీలిక తప్ప కిటికీ లేకపోతే కాపలావాడిది.

కాన్వీ పెద్ద హాలులో ఒంటరిగా ఒక రాతి తోరణం నిలిచి ఉంటుంది. అందరూ దాని కింద ఫొటో దిగుతారు. అది ఎడ్వర్డ్ కట్టించింది కాదు. మొదట కప్పు మొత్తం కలపతోనే ఉండేది. అరవై ఏళ్లు తిరిగేసరికి పుచ్చి కారడం మొదలైంది. 1340ల్లో రాజు మునిమనవడు బ్లాక్ ప్రిన్స్ కాలంలో కలపకు బదులు రాతి తోరణాలు పెట్టి కప్పు నిలిపారు. వాటిలో మిగిలిన ఒక్కటి ఇది. కట్టిన రెండు తరాలకే కోట మరమ్మతులకు వచ్చిందని అది చెబుతోంది.

బయటి నుంచి బురుజుల మీద చిన్న చిన్న చదరపు కన్నాలు చూడండి. అవి పరంజా కర్రలు దూర్చిన గుంటలు. మన దగ్గర సరుగుడు బాదులు కట్టి మేస్త్రీలు నిలబడినట్టే. మామూలుగా ఈ కన్నాలు అడ్డంగా సమానమైన వరసల్లో ఉండాలి. హార్లెక్‌లో, కాన్వీలో కొన్ని బురుజుల మీద అవి వాలుగా, బురుజు చుట్టూ మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతాయి. అంటే పరంజానే ఏటవాలు బాటగా కట్టి, దాని మీదుగా రాళ్లు పైకి మోసుకెళ్లారు. ఇంగ్లండ్ మేస్త్రీల అలవాటు కాదు ఇది. సవోయ్ కోటల్లో ఇదే వాలు కనిపిస్తుంది. మాస్టర్ జేమ్స్ ఎక్కడివాడో చెప్పే సాక్ష్యాల్లో ఈ కన్నాలు కూడా ఒకటి. ఏటవాలు ఎండ పడే వేళ, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ, నీడల వల్ల ఇవి బాగా తేలుతాయి. మిట్టమధ్యాహ్నం కనిపించవు.

ద్వారం కింద నడిచేటప్పుడు తొందరపడకండి. రెండు వైపుల గోడల్లో నిలువుగా గాడి ఉంటే, పైనుంచి జారే జాలి తలుపు అక్కడ దిగేది. దానికి కాస్త లోపల గోడలో లోతైన చదరపు కన్నం ఉంటే, తలుపు మూశాక అడ్డగడియ దూర్చే చోటు అది. గడియ కన్నం ఎప్పుడూ తలుపుకు కోటవాళ్ల వైపే ఉంటుంది. దీన్నిబట్టి ఆ తలుపు ఎవరిని ఆపడానికో మీరే తేల్చుకోవచ్చు. కైర్నార్వన్ కింగ్స్ గేట్‌లో 5 తలుపులు, 6 జాలి తలుపులు ఉండేలా వేసుకున్నారు. లోపలి చివరన గోడ నుంచి పళ్లలాగా పొడుచుకొచ్చిన రాళ్లు కనిపిస్తాయి. తర్వాత కట్టబోయే గోడను అతకడానికి వదిలిన రాళ్లవి. ఆ గోడ రానేలేదు. బ్యూమారిస్‌లో బయటి ద్వారం, లోపలి ద్వారం ఎదురెదురుగా ఉండవు. ఒకటి దాటిన శత్రువు పక్కకు తిరగాలి. ఆ తిరిగేటప్పుడు పైన రెండు గోడల మీది విలుకాండ్ర ముందు అడ్డంగా దొరుకుతాడు.

కాన్వీ పడమటి ద్వారం మీద గోడ పైభాగం ముందుకు పొడుచుకొచ్చి, అడుగున కంతలు ఉంటాయి. ద్వారం దగ్గరికి వచ్చినవాడి నెత్తిన రాళ్లు వదలడానికి. బ్రిటన్‌లో రాతితో కట్టిన ఇలాంటివాటిలో నిలిచి ఉన్న అన్నిటికన్నా పాతవి ఇవే.

బాణపు చీలికలను బయటినుంచి మాత్రమే చూస్తే మోసపోతాం. బయట అరచేయి వెడల్పు, లోపల మనిషి నిలబడి పక్కలకు జరిగేంత గూడు. కైర్నార్వన్ ఊరి వైపు గోడలో ఇంకో అడుగు ముందుకేశారు. బయట ఒకే చీలిక, లోపల దానికి మూడు గూళ్లు. ముగ్గురు విలుకాండ్రు ఒకే సందులోంచి మూడు దిక్కులకు వేయవచ్చు. ముప్పై మందితో కోటను కాయడం ఎలాగో ఇలాంటి చోట అర్థమవుతుంది.

గైడ్లు చెప్పే రెండు మాటలు

మెలిక మెట్లు కుడివైపుకు తిరగడం పైనుంచి కోటను కాసే కుడిచేతి కత్తివాడికి అనుకూలంగా ఉండటానికేనని దాదాపు ప్రతి కోటలోనూ వినిపిస్తుంది. ఈ వివరణ 20వ శతాబ్దం మొదట్లో వ్యాపించింది. మధ్యయుగపు కాగితాల్లో దీనికి ఆధారం కనబడదు. ఎడమకు తిరిగే మెట్లు చాలా కోటల్లో ఉన్నాయి, కైర్నార్వన్‌లోనూ ఉన్నాయి. పైగా మెట్ల మీద పోరాటం దాకా వచ్చిందంటే కోట అప్పటికే పోయినట్టు. ద్వారం మీది కంతల్లోంచి మరిగే నూనె పోసేవారన్నది రెండోది. నూనె ఖరీదైన సరుకు, ఉత్తరాదిన మరీను. రాళ్లు, ఇసుక, బాణాలు చాలు. తలుపుకు నిప్పు పెడితే ఆర్పడానికి నీళ్లు పోయడం ఇంకా ముఖ్యమైన పని.

కోటలు పడిన రోజులు

గోడలు ఎంత గట్టివైనా కాన్వీ 1401లో ఒక్క పూటలో చేతులు మారింది. ఇంగ్లండ్ మీద వేల్స్ నాయకుడు ఓవెన్ గ్లిన్‌దూర్ లేపిన తిరుగుబాటు రోజులవి. ఏప్రిల్ 1, గుడ్ ఫ్రైడే. కోటలోని సైనికులు చాలామంది ఊళ్లో చర్చికి వెళ్లారు. గ్లిన్‌దూర్ బంధువులు రిస్, గ్విలిమ్ అనే అన్నదమ్ములు దాదాపు 40 మందితో పొంచి ఉన్నారు. మరమ్మతుకు వచ్చిన వడ్రంగినంటూ ఒకడు తలుపు తీయించాడు. కాపలావాళ్లను చంపి మిగతావాళ్లను లోపలికి రానిచ్చాడు. 15,000 పౌండ్ల గోడలకు ఒక గీటు కూడా పడలేదు.

హార్లెక్ పతనం ఇంకో రకం. తిరుగుబాటు వచ్చేనాటికి ఆయుధాగారంలో ఉన్న సరుకు జాబితా ఒకటి మిగిలింది: 3 డాళ్లు, 8 శిరస్త్రాణాలు, 6 బల్లేలు, 10 జతల చేతి తొడుగులు, 4 తుపాకులు. వందేళ్లు డబ్బు పెట్టకుండా వదిలేస్తే ఏమవుతుందో ఈ పట్టిక కంటే బాగా ఎవరూ చెప్పలేరు. సముద్రం మీద కూడా ఈసారి ఫ్రెంచి ఓడలు గ్లిన్‌దూర్ పక్షాన ఉన్నాయి. 1404లో కోట అతని చేతికి వచ్చింది. 1409లో ఇంగ్లండ్ సేన తిరిగి తీసుకున్నప్పుడు ఫిరంగులు బయటి గోడను దెబ్బతీశాయి గానీ కోటను గెలిచింది ఆకలే. అప్పటికి నీటి దారి మూసింది ఇంగ్లండ్‌వాళ్లు. ఎడ్వర్డ్ పెట్టిన తాళం అతని వారసుల చేతుల్లోనే తిరగబడి పనిచేసింది.

ఈ కోటలను చూసి అబ్బురపడేటప్పుడు వేల్స్‌వాళ్లకు ఇవి ఏమిటో కూడా గుర్తుంచుకోవాలి. కాన్వీ కోసం అక్కడున్న మఠాన్ని లేపి లోతట్టుకు తరలించారు. వేల్స్ రాజుల్లో గొప్పవాడైన లూవెలిన్ ద గ్రేట్ సమాధి ఆ మఠంలోనే ఉండేది. బ్యూమారిస్ కోసం లాన్‌వైస్ అనే రేవు ఊరిని ఖాళీ చేయించి జనాన్ని ఆంగ్లెసీ దీవి అవతలి వైపు కొత్త ఊరికి పంపారు. ప్రాకారాల లోపలి ఊళ్లు ఇంగ్లండ్ నుంచి తెచ్చి కుదిర్చిన వర్తకుల కోసం. టికెట్ కౌంటరు దగ్గర వేల్ష్ భాషలో పలకరింపు వినిపిస్తే, ఏడు వందల ఏళ్ల ఒత్తిడిని తట్టుకుని నిలిచిన భాష అది.

వెళ్లేవాళ్లకు

మాంచెస్టర్, లివర్‌పూల్, బర్మింగ్‌హామ్ వైపు ఉండే మనవాళ్లు ఒక్కరోజులో నాలుగూ చుట్టేద్దామని బయల్దేరతారు. దయచేసి అలా చేయకండి. ఒక్కో కోటకు రెండున్నర గంటలు పెట్టుకోండి, రోజుకు రెండు మించి వద్దు. మొదటి రోజు కాన్వీ, బ్యూమారిస్. రెండో రోజు కైర్నార్వన్, హార్లెక్. శీతకాలంలో సాయంత్రం 4 గంటలకే మూసేస్తారు, అరగంట ముందే లోపలికి రానివ్వడం ఆపేస్తారు. అక్కడ జరిగే పొరపాట్లలో సగం ఇదే.

నాలుగు కోటలూ కాడూ అనే వేల్స్ ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్నాయి. విడివిడిగా టికెట్లు కొనేముందు వాళ్ల ఎక్స్‌ప్లోరర్ పాస్ ఉందేమో, ధర ఎంతో చూసుకోండి. చాలా కోటలు చూసేవాళ్లకు అది చవక కావచ్చు. ఇంగ్లిష్ హెరిటేజ్ సభ్యత్వం ఉన్నవాళ్లకు ఇక్కడ రాయితీ ఉంది, కార్డు వెంట తీసుకెళ్లాలి.

కారు లేకపోయినా వెళ్లవచ్చు. కాన్వీ స్టేషన్ ఊరి గోడల లోపలే ఉంది గానీ అది అడిగితేనే ఆగే హాల్టు. రైలెక్కగానే గార్డుకు చెప్పాలి, తిరుగు ప్రయాణంలో ప్లాట్‌ఫాం మీద నిలబడి చెయ్యి చూపాలి. మరిచిపోతే పక్కనున్న లాన్‌డిడ్నో జంక్షన్‌లో దిగి వంతెన మీదుగా నడవాలి. నిజానికి అలా రావడమే మంచిది, కోట ఎదురుగా నది మీద లేచి కనిపిస్తుంది. బ్యూమారిస్, కైర్నార్వన్‌లకు మామూలు ప్రయాణికుల రైలు లేదు, బాంగర్‌లో దిగి బస్సు పట్టుకోవాలి. ఆదివారాలు బస్సులు తక్కువ. వేళలు ముందే చూసుకోకపోతే సాయంత్రం ఇరుక్కుంటారు.

మెలిక మెట్లు సన్నగా, నడిమికి అరిగి ఉంటాయి. పట్టుకోవడానికి చాలాచోట్ల తాడే. పైకి వచ్చేవాళ్లూ కిందికి దిగేవాళ్లూ ఒకే దారి కాబట్టి, దిగేవాడు ముందు మాట వినిపించి గోడవైపు వెడల్పు మెట్టు మీద అడుగు వేయాలి. వానకు రాయి సబ్బులా జారుతుంది. చీర కుచ్చిళ్లు, పొడుగు కోట్లు, స్ట్రోలర్లు మెట్ల దగ్గర ఇబ్బంది పెడతాయి. పసిబిడ్డ ఉంటే ఒంటికి కట్టుకునే సంచీ నయం. గాలి బాగా వీస్తే బురుజుల పైభాగం మూసేస్తారు. అందుకే ఆకాశం తేటగా ఉంటే వెళ్లగానే ముందు పైకెక్కి, కిందివి తర్వాత చూడండి. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లు మీతో ఉంటే కైర్నార్వన్‌ను ఎంచుకోండి, కింగ్స్ గేట్‌లో 2023 నుంచి లిఫ్టు ఉంది. బ్యూమారిస్‌లో లోపలి గోడ మందంలోనే నడవ ఉంది. గోడ మందం దాదాపు 4.7 మీటర్లు. లోపల చీకటి, ఫోను టార్చి వేసుకోవాలి, తల వంచుకోవాలి.

కాన్వీలో కోట చూశాక ఊరి గోడ ఎక్కండి, దానికి టికెట్ లేదు. 1.3 కిలోమీటర్లు, 21 బురుజులు. ఈ బురుజులకు వెనక గోడ లేదని గమనించండి, ఊరివైపు తెరిచే ఉంటాయి. గోడ మీది దారి ప్రతి బురుజు దగ్గరా తెగుతుంది, అప్పట్లో అక్కడ చెక్క పలకలు వేసేవారు. శత్రువు గోడ మీదికి ఎక్కితే రెండు పక్కలా పలకలు లాగేస్తే వాడు ఆ ముక్క మీదే ఇరుక్కుంటాడు. దక్షిణం వైపు మిల్ గేట్ దగ్గర గోడ బయటికి పొడుచుకొచ్చిన గూళ్లు వరసగా 12 కనిపిస్తాయి. అవి మరుగుదొడ్లు.

చివరగా ప్రతి కోటలోనూ నీటి వైపు వెళ్లండి. కాన్వీ తూర్పు కొసన పడవల రేవుకు దిగే చిన్న ద్వారం ఉండేది. 1826లో టెల్‌ఫర్డ్ కట్టిన వేలాడే వంతెన, తర్వాత రైలు వంతెన వచ్చి దాన్ని చాలావరకు కప్పేశాయి. బ్యూమారిస్‌లో సముద్ర ద్వారం పక్కనే రేవు ఉంది. 40 టన్నుల ఓడ పోటు మీద నేరుగా గోడ దాకా వచ్చేది. హార్లెక్‌లో కొండ పక్కన వందకు పైగా మెట్లు కిందికి దిగుతాయి. ఆ మెట్ల అడుగుదాకా ఐర్లండ్ ధాన్యం వచ్చింది. ఇప్పుడు సముద్రం దూరంగా జరిగిపోయింది, మధ్యలో ఇసుక మేటలు, గడ్డి, ఇళ్లు. ఒకప్పుడు పడవలు ఆగిన వైపునే కొండ కింద ఇప్పుడు రైలు స్టేషన్ ఉంది. తిరుగు రైలుకు పావుగంట ముందే కిందికి దిగి, ప్లాట్‌ఫాం మీద నిలబడి పైకి చూడండి. సరుకు మోసుకొచ్చిన నావికుడికి ఆ కోట కనిపించిన కోణం అదే.